కెనడా పరిశోధక విశ్వవిద్యాలయాలు: విదేశీ విద్యార్థి ఎంపిక

కెనడాలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు అట్లాంటిక్ తీరం నుంచి పసిఫిక్ తీరం దాకా ఉన్నాయి. డాక్టరేటు చదువులు, భారీ ప్రయోగశాలలు, కేంద్ర ప్రభుత్వ గ్రాంట్లు అధికంగా ఉన్న పదిహేనింటిని పరిశోధక విశ్వవిద్యాలయాలుగా ప్రత్యేకంగా చెప్పుకుంటారు. 1991లో పది సంస్థలతో మొదలై 2011 నాటికి పదిహేనుకు చేరిన వీటి కూటమి పేరు యు15. పశ్చిమాన బ్రిటిష్ కొలంబియా. మైదాన ప్రాంతంలో అల్బర్టా, క్యాల్గరీ, సస్కాచెవాన్, మానిటోబా. ఒంటారియోలో టొరంటో, వాటర్లూ, మెక్‌మాస్టర్, వెస్టర్న్, క్వీన్స్, ఒట్టావా. క్విబెక్‌లో మెక్‌గిల్, మాంట్రియల్, లావాల్. తూర్పు తీరాన డల్హౌసీ. ఇవీ ఇందులోని సభ్యులు.

పరిశోధన కోసం వెళ్లే విద్యార్థి ఈ జాబితాను పైనుంచి కిందికి చదివి మొదటి పేరు దగ్గర ఆగిపోతే నష్టపోతాడు. ఎవరి దగ్గర పనిచేస్తాం, ఆ పనికి డబ్బు ఎవరు ఇస్తారు, ఏ ప్రావిన్సులో ఉంటాం అనే మూడు ప్రశ్నలకు జవాబులు దొరికాకే విశ్వవిద్యాలయం పేరు చూడాలి. ఈ వ్యాసం ఆ ప్రశ్నల చుట్టూనే ఎంపికను వివరిస్తుంది.

చదువు ప్రావిన్సుల చేతిలో

1867 నాటి రాజ్యాంగ చట్టం విద్యను ప్రావిన్సులకు అప్పగించింది. అందుకే ఒట్టావాలో కేంద్ర విద్యాశాఖ అంటూ లేదు. మన యూజీసీ లాంటి జాతీయ నియంత్రణ సంస్థా లేదు. ఫీజులు, నిర్వహణ నిధులు, డిగ్రీలిచ్చే అధికారం అన్నీ ప్రావిన్సు ప్రభుత్వాల పరిధిలోవి. కేంద్రం చేతిలో ప్రధానంగా ఉన్నవి రెండు: పరిశోధన గ్రాంట్లు, వలస అనుమతులు. విజ్ఞానశాస్త్రాలకు, ఇంజనీరింగుకు ఒకటి, సామాజిక, మానవీయ శాస్త్రాలకు ఒకటి, ఆరోగ్య పరిశోధనకు ఒకటి చొప్పున మూడు కేంద్ర మండళ్లు గ్రాంట్లు ఇస్తాయి. మొదటి రెండూ 1970ల చివర్లో ఏర్పడ్డాయి. ఆరోగ్య పరిశోధన సంస్థలు 2000లో వచ్చాయి.

ఈ ఏర్పాటు వల్ల విద్యార్థికి రెండు ఫలితాలు కనిపిస్తాయి. ఒకటి, ఒకే చదువుకు ఒక్కో ప్రావిన్సులో ఒక్కో ధర. రెండోది, మన దగ్గర ఐఐటీకి, జిల్లా కేంద్రంలోని ఇంజనీరింగ్ కాలేజీకి మధ్య ఉన్నంత అగాధం అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల మధ్య ఉండదు. మంచి ఆచార్యులు, మంచి పరికరాలు దేశమంతటా సర్దుకుని ఉన్నాయి. ర్యాంకుల పట్టికలు పరిమాణానికి, పేరుప్రతిష్ఠలకు పెద్దపీట వేస్తాయి కాబట్టి టొరంటో, బ్రిటిష్ కొలంబియా, మెక్‌గిల్ ఎప్పుడూ పైన ఉంటాయి. సస్కాచెవాన్ ఎంత దిగువన ఉన్నా, పప్పుధాన్యాల పరిశోధన చేయాలనుకునేవారికి అంతకన్నా మంచి చోటు ప్రపంచంలో దొరకడం కష్టం.

ఎక్కడ ఏ విద్య

సస్కటూన్‌లోని సస్కాచెవాన్ విశ్వవిద్యాలయంలో పంటల అభివృద్ధి కేంద్రం 1971లో మొదలైంది. అక్కడ ఆల్ స్లింకార్డ్ రూపొందించిన లెయిర్డ్ అనే మసూర్ రకం 1978లో విడుదలయ్యాక, గోధుమ తప్ప మరో పంటపై పెద్దగా ఆధారపడని ఆ నేలల్లో పప్పు సాగు పుంజుకుంది. ఈనాడు కెనడా ప్రపంచంలోకెల్లా పెద్ద మసూర్ ఎగుమతిదారు. మన కిరాణా కొట్లకు వచ్చే మైసూరుపప్పులో కొంత ఆ నేలదే. అదే ఆవరణలో 2004 నుంచి కెనడియన్ లైట్ సోర్స్ అనే సింక్రోట్రాన్ పనిచేస్తోంది. నేల రసాయనశాస్త్రం నుంచి బ్యాటరీల దాకా దానిమీద ప్రయోగాలు సాగుతాయి. పక్కనున్న మానిటోబాలో బాల్డర్ స్టెఫాన్సన్, సస్కటూన్‌లోని కేంద్ర వ్యవసాయ పరిశోధన కేంద్రంలో కీత్ డౌనీ ఆవజాతి గింజల నుంచి కనోలాను పుట్టించారు. బాపట్ల, రాజేంద్రనగర్ వ్యవసాయ కళాశాలల్లో చదివినవారు టొరంటో పేరు వెతకడం మాని ఈ మైదాన ప్రాంతం వైపు చూడాలి. యు15లో లేకపోయినా ఒంటారియోలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయాన్నీ వారు చూడాలి. దానికి మూలమైన వ్యవసాయ కళాశాల 1874 నాటిది, పశువైద్యంలో ఆ విశ్వవిద్యాలయానికి పెద్ద పేరుంది.

కృత్రిమ మేధలో కెనడా బలం మూడు నగరాల్లో ఉంది. జెఫ్రీ హింటన్ 1987లో టొరంటో చేరారు. న్యూరల్ నెట్‌వర్క్‌లను చాలామంది వదిలేసిన కాలంలోనూ ఆయన, మాంట్రియల్‌లో యోషువా బెంజియో వాటినే పట్టుకుని ఉన్నారు. యాన్ లెకూన్‌తో కలిపి వారికి 2018 ట్యూరింగ్ పురస్కారం వచ్చింది. హింటన్‌కు 2024లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌కు పునాదులు వేసిన రిచర్డ్ సట్టన్ ఎడ్మంటన్‌లోని అల్బర్టా విశ్వవిద్యాలయ ఆచార్యుడు. ఆండ్రూ బార్టోతో కలిసి 2024 ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. 2017లో కేంద్రం ప్రకటించిన జాతీయ కృత్రిమ మేధ వ్యూహం టొరంటోలో వెక్టర్, మాంట్రియల్‌లో మిలా, ఎడ్మంటన్‌లో అమీ అనే మూడు సంస్థలకు నిధులిచ్చింది. ఈ మూడింటిలో ఎడ్మంటన్ పేరు మన విద్యార్థుల నోట తక్కువగా వినబడుతుంది. టొరంటోతో పోలిస్తే అక్కడ ఇంటి అద్దె బాగా తక్కువ. ఆ నగరాన్ని పట్టించుకోకపోవడం మనవాళ్లు చేసే పెద్ద పొరపాట్లలో ఒకటి.

భౌతికశాస్త్రానికి వాంకూవర్‌లో 1968 నుంచి ట్రయంఫ్ అనే కణ త్వరణ కేంద్రం ఉంది. సడ్‌బరీ దగ్గర గనిలో రెండు కిలోమీటర్ల లోతున వెయ్యి టన్నుల భారజలంతో నిర్మించిన న్యూట్రినో ప్రయోగశాలలో చేసిన కృషికి క్వీన్స్ ఆచార్యుడు ఆర్థర్ మెక్‌డొనాల్డ్‌కు 2015 నోబెల్ లభించింది. మెక్‌మాస్టర్ ఆవరణలో 1959 నుంచి అణు రియాక్టరు నడుస్తోంది. వాటర్లూ 1957లో పుట్టిన విశ్వవిద్యాలయం. చదువు మధ్య పరిశ్రమలో జీతంతో పనిచేసే కో-ఆప్ పద్ధతిని తొలినాటి నుంచే పెట్టుకుంది. 2018లో నోబెల్ అందుకున్న లేజర్ శాస్త్రవేత్త డోనా స్ట్రిక్‌లాండ్ అక్కడి ఆచార్యురాలే. వైద్య పరిశోధన విషయానికొస్తే, 1921లో ఇన్సులిన్ టొరంటోలోనే వెలుగుచూసింది. 1961లో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకలాక్ మూలకణాల ఉనికిని నిరూపించింది కూడా ఆ నగరంలోనే. వైల్డర్ పెన్‌ఫీల్డ్ 1934లో స్థాపించిన నాడీశాస్త్ర సంస్థ మెక్‌గిల్‌లో ఉంది. సముద్ర శాస్త్రాలకు హాలిఫాక్స్‌లోని డల్హౌసీ, యు15 బయట సెయింట్ జాన్స్‌లోని మెమోరియల్ ప్రసిద్ధం.

గణితంలో తెలుగువారికి ఈ విశ్వవిద్యాలయాలతో అనుబంధం పాతది. గుంటూరు జిల్లా యాజలిలో పుట్టి, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పనిచేసిన సంఖ్యా సిద్ధాంత నిపుణుడు మతుకుమల్లి వెంకట సుబ్బారావు 1963లో అల్బర్టా చేరారు. ఆయన కుమారుడు విద్యాసాగర్ నియంత్రణ సిద్ధాంతంలో పేరుపొంది, మాంట్రియల్‌లోని కాంకార్డియాలోనూ వాటర్లూలోనూ బోధించి 1989లో భారత్‌కు తిరిగివచ్చారు. గుంటూరులోనే పుట్టిన రామ్ మూర్తి క్వీన్స్‌లోనూ, ఆయన తమ్ముడు కుమార్ మూర్తి టొరంటోలోనూ సంఖ్యా సిద్ధాంతంలో కృషి చేశారు. కుమార్ మూర్తి 2019 నుంచి టొరంటోలోని ఫీల్డ్స్ గణిత సంస్థకు డైరెక్టరుగా వ్యవహరించారు. గ్రాఫ్ థియరీ చదివినవారికి బాండీ, మూర్తిల 1976 నాటి పాఠ్యగ్రంథం పరిచయమే. ఆ మూర్తి వాటర్లూ ఆచార్యుడు ఉప్పలూరి శివరామచంద్ర మూర్తి.

రెండు రకాల మాస్టర్స్

కెనడాలో మాస్టర్స్ చదువు రెండు దారుల్లో నడుస్తుంది. మన కుటుంబాలు ఎక్కువగా అయోమయపడేది ఇక్కడే. థీసిస్ దారిలో ఆచార్యుడి దగ్గర ప్రయోగశాలలో చేరి, కొన్ని కోర్సులు చదివి, రెండేళ్లలో సిద్ధాంత గ్రంథం సమర్పించాలి. విజ్ఞానశాస్త్రాల్లో ఎమ్మెస్సీ, ఇంజనీరింగులో చాలాచోట్ల ఎంఏఎస్సీ అని పిలిచేది ఇదే. కోర్సు దారిలో తరగతులకు వెళ్లి, పరీక్షలు రాసి, ఏడాది నుంచి రెండేళ్లలో డిగ్రీ తీసుకుంటారు; ఎంఇంజి ఈ కోవలోది. మొదటి దారిలో సాధారణంగా విద్యార్థికి స్టైపెండు వస్తుంది. రెండో దారిలో విద్యార్థే మొత్తం ఫీజు కడతాడు. రెంటిమీదా అదే విశ్వవిద్యాలయం ముద్ర ఉంటుంది. పరిశోధన చేస్తానంటూ వెళ్లి, సీటు సులువుగా దొరికిందని ఎంఇంజిలో చేరినవారికి తరవాత పీహెచ్‌డీలో ప్రవేశం కష్టమవుతుంది. వాళ్లు చేసిన పని గురించి రాయగల ఆచార్యుడు ఉండడు, చూపడానికి థీసిస్ ఉండదు.

ఉద్యోగమే లక్ష్యమైతే కోర్సు దారి తప్పేమీ కాదు. కాకపోతే ఒక సంగతి తెలుసుకోవాలి: కెనడాలో ఇంజనీరుగా సంతకం పెట్టే హక్కు ప్రావిన్సు సంఘాలు ఇచ్చే లైసెన్సుతో వస్తుంది. జాతీయ గుర్తింపు మండలి పరిశీలించేది బ్యాచిలర్ కోర్సులను. అక్కడి మాస్టర్స్ చేతికొచ్చినంత మాత్రాన మన బీటెక్‌కు ఆ గుర్తింపు రాదు. వైద్యం మరీ కఠినం. అక్కడి వైద్య కళాశాలల ద్వారాలు విదేశీ విద్యార్థులకు దాదాపు మూసే ఉంటాయి, కాబట్టి ఎంబీబీఎస్ చేసినవారికి తెరుచుకునేది ప్రజారోగ్యం, రోగనిరోధక శాస్త్రం లాంటి పరిశోధన డిగ్రీల దారే.

పీహెచ్‌డీకి మాస్టర్స్ తరవాత నాలుగైదేళ్లు పడుతుంది. అమెరికాలోలా బ్యాచిలర్స్ నుంచి నేరుగా పీహెచ్‌డీలో చేరే అలవాటు కెనడాలో తక్కువ. కొన్ని విభాగాలు అందుకు వీలిస్తాయి. మాస్టర్స్ మొదటి ఏడాది బాగా చేసినవారిని నేరుగా డాక్టరేటుకు మార్చే పద్ధతి చాలాచోట్ల ఉంది. మూడేళ్ల బీఎస్సీ, బీకాం చేసినవారికి చాలా విభాగాలు నేరుగా ప్రవేశం ఇవ్వవు. వాళ్లు ఇక్కడ ఎమ్మెస్సీ పూర్తిచేసి దరఖాస్తు చేస్తే తలుపు తెరుచుకుంటుంది.

గైడును ఎంచుకోవడం

చాలా విజ్ఞాన, ఇంజనీరింగ్ విభాగాల్లో ఎవరో ఒక ఆచార్యుడు తన విద్యార్థిగా తీసుకుంటానని ఒప్పుకుంటే తప్ప దరఖాస్తు ముందుకు కదలదు. సెప్టెంబరు ప్రవేశానికి గడువులు చాలావరకు అంతకుముందు డిసెంబరు, జనవరిల్లో ముగుస్తాయి. అందువల్ల గైడు కోసం వెతుకులాట ఆగస్టు, సెప్టెంబరుల్లోనే మొదలుకావాలి.

ఈ వెతుకులాటలో కెనడా ఒక మేలు చేస్తుంది. విజ్ఞాన, ఇంజనీరింగ్ మండలి ఏ ఆచార్యుడికి ఏ అంశంపై ఎంత గ్రాంటు ఇచ్చిందో అందరూ చూసేలా పెడుతుంది. ఆ మండలి ఇచ్చే డిస్కవరీ గ్రాంటు సాధారణంగా అయిదేళ్లకు ఉంటుంది. ఒక ఆచార్యుడి గ్రాంటు కొత్తగా మొదలైందా, ఏడాదిలో ముగియబోతోందా అని తెలుసుకోవచ్చు. విద్యార్థి తిండి, అద్దె ఆ గ్రాంటు మీదే ఆధారపడతాయి కాబట్టి ఇలా చూసుకోవడం విద్యార్థి హక్కు. దానితో పాటు ఆ ప్రయోగశాల నుంచి గత అయిదారేళ్లలో బయటికొచ్చిన థీసిసులు చదవాలి. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు వాటిని ఉచితంగానే అందుబాటులో ఉంచుతాయి. థీసిస్ ముందుమాటలో విద్యార్థి ఎన్నేళ్లు పనిచేశాడో, ఎవరి సాయం అందిందో తెలుస్తుంది. ప్రస్తుత విద్యార్థులకు రాసి అడిగితే చాలామంది నిజాయితీగా జవాబిస్తారు. గైడు వారానికి ఎంత సమయం ఇస్తారు, రాసింది ఎన్నాళ్లకు చదువుతారు, ఎంతమంది మధ్యలో వదిలిపెట్టారు అనేవి అడగాల్సిన ప్రశ్నలు. కొత్తగా నియమితుడైన యువ ఆచార్యుడికి విద్యార్థుల అవసరం ఎక్కువ, సమయం కూడా ఎక్కువ ఇస్తాడు. పేరున్న పెద్దాయన ప్రయోగశాలలో సిఫారసు లేఖ విలువైనది గానీ ఆయన ముఖం కనబడటం అరుదు కావచ్చు.

ఉత్తరం చిన్నదిగా, ఆ ఆచార్యుడి ఒక వ్యాసాన్ని నిజంగా చదివిన గుర్తుతో ఉండాలి. వంద మందికి ఒకే ఉత్తరం పంపితే వంద మందీ తుడిచేస్తారు. మన విద్యార్థులు రాసేటప్పుడు మర్యాద ఎక్కువై విషయం తక్కువవుతుంది. తాను చేసిన ప్రాజెక్టు ఏమిటో, అందులో తాను స్వయంగా చేసిన భాగం ఎంతో చెప్పే రెండు వాక్యాలు, పొగడ్తల పేరా కన్నా బాగా పనిచేస్తాయి.

ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో ఉన్నవారికి ఇంతకంటే మంచి దారి ఒకటుంది. మైటాక్స్ సంస్థ నడిపే గ్లోబలింక్ ఇంటర్న్‌షిప్‌లో ఎంపికైన విద్యార్థులు కెనడా ఆచార్యుడి దగ్గర పన్నెండు వారాలు పరిశోధన చేస్తారు. విద్యార్థి, ఆచార్యుడు ఒకరినొకరు చూసుకుంటారు. తరవాతి దరఖాస్తుకు అంతకు మించిన బలం లేదు.

డబ్బు

పరిశోధన విద్యార్థికి వచ్చే సొమ్ము మూడు చోట్ల నుంచి కలుస్తుంది: గైడు గ్రాంటు, విశ్వవిద్యాలయ స్కాలర్‌షిప్, టీచింగ్ అసిస్టెంట్ పని. ఆఫర్ లెటర్‌లో కనబడే అంకె పెద్దదిగానే ఉంటుంది. దాంట్లోంచి ఫీజు తీసేశాక మిగిలేదే చేతికి వచ్చే డబ్బు. టొరంటోలో ఈ లెక్క 2018లో మారింది: విదేశీ పీహెచ్‌డీ విద్యార్థులు చాలావరకు స్వదేశీ విద్యార్థుల ఫీజే కడుతున్నారు. డాక్టరేటు విద్యార్థులకు కనీస సాయాన్ని కూడా ఆ విశ్వవిద్యాలయం 2025 నుంచి ఏడాదికి 40,000 డాలర్లకు పెంచింది. కేంద్ర మండళ్ల స్కాలర్‌షిప్‌లు 2024 బడ్జెట్‌లో మాస్టర్స్‌కు 27,000, పీహెచ్‌డీకి 40,000 డాలర్లయ్యాయి. అవి ఎక్కువ భాగం పౌరులకు, శాశ్వత నివాసులకే అందుతాయి. అయినా గైడు ఇచ్చే సొమ్ము తగినదా కాదా తేల్చుకోవడానికి ఆ అంకెలు కొలమానంగా పనికొస్తాయి.

అందుకే ఆఫర్ అంగీకరించే ముందు నాలుగు మాటలు రాతపూర్వకంగా అడగాలి: సాయం ఎన్నేళ్లు, ఫీజు పోగా ఎంత, వేసవి నెలల్లోనూ ఇస్తారా, గైడు వేరే చోటికి వెళ్లిపోతే ఏమవుతుంది. అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకునే ఆచార్యుడి దగ్గర అయిదేళ్లు గడపకపోవడమే మంచిది.

బ్యాచిలర్స్ ఫీజుల కథ వేరు. టొరంటోలో కళలు, శాస్త్రాల డిగ్రీకి విదేశీ విద్యార్థి ఫీజు ఏడాదికి 60,000 డాలర్లు దాటింది. ఒంటారియో విద్యార్థి కట్టేది అందులో పదోవంతు. 2019లో ఒంటారియో ప్రభుత్వం స్వదేశీ ఫీజును పది శాతం తగ్గించి, పెరగకుండా ఆపేసింది. ప్రభుత్వ నిధులూ అందుకు తగ్గట్టు పెరగకపోవడంతో ఆ లోటు భారం విదేశీ విద్యార్థుల మీద పడింది. చౌకగా పేరుపడ్డ మెమోరియల్ సైతం 2022లో విదేశీ బ్యాచిలర్స్ ఫీజును 20,000 డాలర్లకు పెంచింది. పొలం అమ్మో, ఇల్లు తాకట్టు పెట్టో బ్యాచిలర్స్‌కు పంపే ముందు, ఇక్కడ బీటెక్ చేసి పూర్తి సాయంతో థీసిస్ మాస్టర్స్‌కు వెళ్లే అవకాశాన్ని కుటుంబాలు తూచి చూడాలి. పరిశోధనపై ఆసక్తి ఉన్నవారికి రెండోదే మేలైన దారి.

స్టడీ పర్మిట్: 2024 తర్వాత

2023 చివరికి కెనడాలో స్టడీ పర్మిట్ ఉన్నవారు పది లక్షలు దాటారు. వారిలో దాదాపు నలభై శాతం భారతీయులు. ఇళ్ల కొరత, నకిలీ అడ్మిషన్ లేఖల వ్యవహారం ముదరడంతో 2024 జనవరిలో ప్రభుత్వం సంఖ్యకు పరిమితి విధించింది. అంతకు ముందే, 2023 డిసెంబరు నుంచి ప్రతి అడ్మిషన్ లేఖనూ ఆ సంస్థతో సరిచూడటం మొదలైంది. భారతీయులు ఎక్కువగా వాడుకున్న ఎస్‌డీఎస్ అనే వేగపు మార్గాన్ని 2024 నవంబరులో ఎత్తేశారు. జీవనవ్యయానికి చూపాల్సిన మొత్తం ఎన్నో ఏళ్లు 10,000 డాలర్లుగా ఉండేది. ఒంటరి విద్యార్థికి, ఫీజు, ప్రయాణం కాకుండా, అది 2024లో 20,635కు, 2025 సెప్టెంబరు నుంచి 22,895కు పెరిగింది.

ఈ కట్టుదిట్టాల్లో పరిశోధక విశ్వవిద్యాలయాల విద్యార్థులకు కొంత వెసులుబాటు మిగిలింది. 2026 జనవరి నుంచి ప్రభుత్వ సంస్థల్లో మాస్టర్స్, పీహెచ్‌డీ చేరేవారికి ప్రావిన్సు ధ్రువీకరణ లేఖ అక్కర్లేదు. జీవిత భాగస్వామికి వర్క్ పర్మిట్ 2025 నుంచి ప్రధానంగా డాక్టరేటు విద్యార్థులకు, పదహారు నెలలు లేదా అంతకు మించిన మాస్టర్స్ చేసేవారికే దక్కుతోంది. పెళ్లయినవారు ఏడాది ఎంఇంజిలో చేరేముందు ఈ పదహారు నెలల షరతు గుర్తుంచుకోవాలి. మాస్టర్స్ పూర్తిచేసినవారికి కోర్సు రెండేళ్లకు తక్కువైనా మూడేళ్ల వర్క్ పర్మిట్ లభిస్తుంది. చదువు నడిచే రోజుల్లో ఆవరణ బయట వారానికి 24 గంటలు పనిచేయవచ్చు. థీసిస్ విద్యార్థికి అంత తీరిక దొరకదు, ఆ సంపాదన మీద బడ్జెట్ వేసుకోకూడదు.

హైదరాబాద్, విజయవాడల్లోని కన్సల్టెన్సీలకు కమీషన్ వచ్చేది ఎక్కువగా కాలేజీల నుంచి, ప్రైవేటు సంస్థల నుంచి. థీసిస్ సీటుకు గైడును ఒప్పించే పని ఏ కన్సల్టెన్సీ చేయలేదు. అందుకే అక్కడ పరిశోధన సీట్ల మాట వినిపించదు.

క్విబెక్, ఆరోగ్య బీమా, చలి

క్విబెక్‌లో చదవాలంటే కేంద్రం స్టడీ పర్మిట్‌కు ముందు ప్రావిన్సు ఇచ్చే సీఏక్యూ అనే అంగీకార పత్రం కావాలి. మెక్‌గిల్, కాంకార్డియాల్లో బోధన ఇంగ్లిషులో. మాంట్రియల్, లావాల్ విశ్వవిద్యాలయాల్లో ఫ్రెంచిలో. ప్రయోగశాలలో ఇంగ్లిషు సరిపోవచ్చు గానీ స్థిరపడాలంటే ఫ్రెంచి తప్పదు. ఆ ప్రావిన్సు తన వలసదారులను తానే ఎంచుకుంటుంది, భాషకు అందులో పెద్ద స్థానం ఉంది. మాంట్రియల్ లాంటి నగరంలో ఉండటం ఆనందమే. నాలుగేళ్లు ఫ్రెంచి నేర్చుకునే ఓపిక ఉన్నవారు నిస్సంకోచంగా వెళ్లవచ్చు.

ఆరోగ్య సేవలు కూడా ప్రావిన్సును బట్టే. అల్బర్టా, సస్కాచెవాన్‌లు విదేశీ విద్యార్థులను ప్రభుత్వ ఆరోగ్య పథకంలో చేర్చుకుంటాయి. బ్రిటిష్ కొలంబియా నెలవారీ రుసుము తీసుకుంటుంది. మానిటోబా 2018లో ఆ సౌకర్యం తీసేసింది. ఒంటారియోలో విశ్వవిద్యాలయాల ఉమ్మడి బీమాకు డబ్బు కట్టాలి. భార్యాపిల్లలతో వెళ్లేవారికి ఈ తేడా చిన్నదేమీ కాదు. ఎడ్మంటన్, సస్కటూన్, విన్నిపెగ్‌లలో జనవరి ఉష్ణోగ్రత సున్నాకు ముప్పై డిగ్రీలు కిందికి దిగే రోజులుంటాయి. ఇళ్లు, బస్సులు, భవనాలు వెచ్చగానే ఉంటాయి. సెప్టెంబరులో దిగిన విద్యార్థి నవంబరులోగా మంచి కోటు, బూట్లు కొనుక్కుంటే చాలు. ఇక్కడి నుంచి మోసుకెళ్లిన స్వెటర్లు అక్కడి చలికి ఆగవు.

ఇక పత్రాల సంగతి. జేఎన్‌టీయూ, ఉస్మానియా, ఆంధ్రా విశ్వవిద్యాలయాల పట్టభద్రులు దరఖాస్తుకు ముందే మార్కుల మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్, సీలువేసిన ట్రాన్‌స్క్రిప్టులు సిద్ధం చేసుకోవాలి. ఇవి చేతికి రావడానికి వారాలు పట్టవచ్చు, డిసెంబరు గడువు వాటికోసం ఆగదు. సిఫారసు లేఖలకు హెచ్ఓడీ హోదా కన్నా ప్రాజెక్టు చేయించిన అధ్యాపకుడి మాట ఎక్కువ విలువైనది. ఆయన విద్యార్థి పనిని చూశాడు, ఏం చేశాడో రాయగలడు.